చిల్లర

చిత్తూరు బజారు వీధిలో
కింద బెల్లం మండీ, మేడ మీద మా షేర్ల ఆఫీసు.
వాన ముసురుకి కింద అచ్చులు చెమరుస్తాయి,
పైన మనుషులు.

తొమ్మిదీ పదిహేనుకి తెర తెరుచుకుంది
కళ్ళకలక వచ్చినట్టు ఎర్రగా.
రాత్రి ఢిల్లీలో ఒకాయన మైకు ముందు
పునాదులు గట్టిగా ఉన్నాయన్నాడు.
పునాదుల మాట ఎత్తారంటే
గోడ ఎక్కడో బీటిచ్చిందని
తాపీమేస్త్రీ కూలీకి కూడా తెలుసు.

ప్రభుత్వం నిలిచేదీ పడేదీ ఇంకా తేలలేదు.
ముగ్గురు ఎంపీలు ఏదో హోటల్లో ఉన్నారట,
ఫోన్లు ఎత్తడం లేదట.
వాళ్ళు ఇడ్లీ తిని చెయ్యి కడుక్కునేలోపు
చెంగల్రాయులు సర్వీసులో రెండేళ్ళు పోయాయి.

ముప్పై రెండేళ్ళ కండక్టరు ఆయన.
దిగిపోతూ తెచ్చుకున్న పి.ఎఫ్. డబ్బు
నా వేళ్ళ మీదుగానే తెరలోకి వెళ్ళింది.
మార్జిన్ తీసుకోండి సార్, అన్నదీ నేనే.
పదకొండుకి గుడియాత్తం రూటు పోయింది.
పన్నెండున్నరకి
మొగిలి ఘాటు నైట్ సర్వీసులన్నీ.

మామిడి గుజ్జు కంపెనీ లోయర్ సర్క్యూట్ తగిలింది.
"అంటే ఏంది పాపా?"
అమ్మేవాళ్ళే ఉన్నారు, కొనేవాళ్ళు లేరు,
తలుపేసేశారు, అన్నాను.
"నిన్న తవణంపల్లి దోవలో చూసినా.
ఫ్యాక్టరీ గేటు కాడ రెండు మైళ్ళు ట్రాక్టర్లు.
తోతాపురి కాయ, రసం కారి రోడ్డంతా ఈగలు.
అదీ ఇదేనా?"
అదీ ఇదే.
ఎక్కడో సముద్రంలో ఓడలు ఆగాయి,
ఎక్కడో సుంకం పెరిగింది,
ఓట్లకి ముందు చెప్పిన మద్దతు ధర
ఓట్లయ్యాక కాగితంలోనే మాగుతోంది.

కింద ధనకోటి మొదలి
తుండుగుడ్డ చాటున వేళ్ళు పట్టి బేరమాడుతున్నాడు.
వేళ్ళైనా వెచ్చగా ఉంటాయి.
నాకు తగిలేది ఎవరి వేలో
ఏడేళ్ళుగా తెలియదు.

రెండున్నరకి
ఒక ఎంపీ హోటలు మెట్ల మీద నవ్వాడు.
తెర ఓ మూల పచ్చబడింది.
వెనక కుర్చీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.
అప్పటికి గంట ముందే
మార్జిన్ చాలక సిస్టమే ఆయనవన్నీ అమ్మేసింది.

కాగితం ప్రింటు తీసి ఇచ్చాను.
ఆయన అంకెలు చూడలేదు.
తిరగేసి వెనకవైపు చూశాడు, ఖాళీ.
"చిల్లర లేకుంటే టికెట్టు ఎనక రాసిచ్చేవోణ్ణి పాపా,
దిగేటప్పుడు అడుగు అని.
మర్చిపోయి దిగేసినోళ్ళని
కిటికీలోంచి కేకేసి పిలిచి ఇచ్చినా.
దీని ఎనక ఎవురు రాస్తారు?"

నా బ్రోకరేజీ
కొన్నప్పుడూ వచ్చింది, అమ్మినప్పుడూ వచ్చింది.
ఆ మాట ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మెట్లు దిగి
మండీలో అర అచ్చు బెల్లం కొన్నాడు.
రావాల్సిన ఐదు రూపాయల కోసం
వానలో
చాలాసేపు నిలబడ్డాడు.