వాహన సహకారం

మస్కట్ నుంచి మూడు గంటల తొవ్వ.
రుస్తాక్ దాటినంక రోడ్డు గుట్టల నడుమకు మర్లుతది,
ఏసీ గాలికి వెనుక సీట్ల మేడం కాగితాలు
రెక్కలు కొట్టుకుంటయి.
రీమా హద్దాద్. ఊరు బేరూత్.
పని, పల్లెల బాగుకు సలహా చెప్పుడు.
నా పని బండి నడుపుడు.
కంపెనీ ఒకటే గని
మా ఇద్దరి జీతాలు ఒక్క కాగితం మీద కూసోవు.

ఐన్ సుహైల్‌ల ఎనిమిది మంది ఆడోళ్లు,
నడుమ నల్లగ ఎండిన నిమ్మకాయల కుప్ప.
కిలోకు ఖర్చెంత అని అడిగింది మేడం.
జువైనా అనే ఆమె నవ్వింది:
చెట్టు మా అమ్మది, ఎండ దేవునిది,
ఏ ఖర్చు రాసుకుంటవు బిడ్డా?
మేడం సున్నా కొట్టింది.
చేతులున్న పలక సున్నాను ఒప్పుకోలే,
ఎర్రగ మెరిసింది.

నేను కడపల నిలవడి కావా తాగుతున్న.
ఊకె ఉండాల్సింది.
కని గంగు యాదికొచ్చింది.
రుద్రంగిల చింతపండు సంఘానికి లెక్కలు రాసేటప్పుడు
ఆడిట్ సారును నిలదీసింది:
గింజ తీసిన గోరుకు ధర ఏ గడిల ఉన్నది సారూ?
ఆయన పెన్నుకు క్యాపు పెట్టి చాయ అడిగిండట.
నాకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీతోని
గోరు చూపెట్టి, నిమ్మకాయ చూపెట్టి
ఇది గూడ రాయి మేడం, అన్న.
జువైనా తన వేళ్లు తాను చూసుకున్నది,
ఉప్పు తిన్న వేళ్లు.

పొద్దు వాలంగ ఫలజ్ కాడికి పోయినం.
గుట్ట కడుపుల నుంచి వచ్చే సన్న కాలువ.
దాని పెద్దమనిషి సైఫ్ బిన్ హుమైద్
నేలల కట్టె నాటి నీడను కొలుస్తడు,
అరగంటకో వంతు, వంతుకో తోట.
మీటర్ పెడితే సులువు గద, అన్నది మేడం.
మరి రాత్రి ఎట్ల, అన్నది మళ్ల.
ముసలాయన మొకం పైకెత్తిండు:
సురయ్యా.

మా తాత ఎర్రయ్య నీరడి.
తూము కాడ గొంగడి పరుచుకొని పండెటోడు,
పిల్లలకోడి గుట్ట దిగిందంటే
పై మడి మూసి కింది మడి తెరిచెటోడు.
నేను రెండు చేతులు రెక్కలు చేసి
కొక్కొక్కో అనుకుంట
వెనుక లేని పిల్లలను నడిపిచ్చిన.
సైఫ్ తాత పండ్లు లేని నోటితోని నవ్వి నవ్వి
నా భుజం పట్టుకున్నడు.
మేడం గబగబ ఏదో రాసుకున్నది.

మోకాళ్ల దాక నీళ్లల్ల దిగి
గుడ్డ, రాయి కుక్కి మడువ మూసిండు షఫీకుల్.
ఊరు సిల్హెట్. వచ్చి పదకొండేండ్లాయె.
ఇంటికి ఎందరు అనే గడిల
సైఫ్ కొడుకులు ముగ్గురున్నరు,
ముగ్గురూ మస్కట్‌ల నౌకరీ.
షఫీకుల్ ఏ గడిల లేడు.
తడి చేతులు లుంగీకి తుడుసుకొని
నాకు ఖర్జూరాలిచ్చిండు.

రాత్రి గంగుకు ఫోన్ల చెప్పిన,
నీ మాట ఇంత దూరమొచ్చిందే అని.
దానికి పైసలెన్ని ఇచ్చిన్రు, అన్నది.

రెండు నెలలకు రిపోర్టు అచ్చయింది.
మంత్రి ఆఫీసుల ఇచ్చి రమ్మన్నరు.
సిగ్నల్ కాడ విప్పి చూసిన,
ఇంగ్లీషు కూడబలుక్కుంట.
మీటర్లున్నయి, రెండు, బొమ్మలతోని.
"స్థానిక పరిజ్ఞానం" అన్న పేజీల
కోడి ఉన్నది, వెనుక పిల్లలున్నయి.
స్థానికులు ఇట్ల చెప్పిన్రని ఉన్నది.
ఆఖరి పేజీల, కృతజ్ఞతల కింద,
ఫోటోలు తీసినాయన పేరు గూడ అయిపోయినంక:
వాహన సహకారం, బి. నంపిలి.
నాంపెల్లి. నేనే.
వెనుక బండ్లు హారన్ కొట్టినయి.

మొన్న మళ్ల ఆ దిక్కు పోతే
జువైనా కాడ నిమ్మకాయలు కొన్న.
పాకెట్ మీద కొత్త ధర,
రెండు వందల బైసలు ఎక్కువ.
ఇదేంది తల్లీ అంటే
గోరు చూపెట్టింది.
మారు మాట్లాడకుండ ఇచ్చిన.