వెనక చక్రం

ముందు డొంబురు ముదులి.
అతని మెడలో విజిల్, నోట్లో ఐదు భాషలు.
వెనక నేను.
నా సంచిలో రెండు ట్యూబులు, గొలుసు లింకులు, టించరు సీసా,
ఎవరూ అడగని పంపు.
మధ్యలో పదకొండు మంది సెలవులు.

సిమిలిగుడలో మా నాన్నది సైకిల్ షాపు.
ట్యూబుని తొట్టిలో ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందో చూడడమే నాకొచ్చిన చదువు.
ఈ సైకిళ్ళు ఒక్కోటి మా షాపంత ఖరీదు.
నాన్న వచ్చి ఒకదాన్ని చిటికెన వేలితో ఎత్తి చూశాడు.
"బరువు లేదు, మరి దేనికి డబ్బులు?" అన్నాడు.

నా ఉద్యోగం పేరు చివరివాడు.
అందరికన్నా నెమ్మదైన మనిషి వెనక
అంతకన్నా నెమ్మదిగా వెళ్ళాలి.
వాళ్ళకది తెలియకూడదు.
వాళ్ళు ఆగితే, నా బూటు లేసు ఊడిందని నేనూ ఆగాలి.
ఎంత దూరమని అడిగితే
ఇంకొక్క మలుపు అనాలి.
పొట్టంగి ఘాటీలో లేనన్ని మలుపులు
నా నోట్లో ఉన్నాయి.

ఈసారి నా వంతుకి తారకేశ్వరి గారు.
పార్వతీపురం ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తారట.
యాభై మూడేళ్ళు. మోకాలికి బెల్టు.
దేవమాలి ఎక్కుడంతా సైకిల్ని నడిపించుకొచ్చారు,
సంతకి మేకని తోలుకెళ్తున్నట్టు,
మధ్యమధ్య దాన్ని తిడుతూ.
"ఏటి బాబూ, ఇంకా?"
"ఇంకొక్క మలుపండీ."
"నువ్వు సెప్పిన మలుపులన్నీ కలిపితే
ఈపాటికి ఇజీనారం ఎల్లొచ్చీదాన్ని."

రెండు పక్కలా వలిసెలు పూసున్నాయి.
చూడాలని టూరు కాగితంలో రాసుంది.
ఆవిడ చూడలేదు. ఊపిరి చూసుకుంటున్నారు.

పైన డొంబురు అందర్నీ నిలబెట్టి
రోజూ చెప్పేదే చెప్పాడు.
ముందు బ్రేకు ఒక్కటే పట్టకండి.
చూపు చక్రం మీద కాదు, పోయే దారి మీద.
ఆవు వస్తే రోడ్డు ఆవుదే.
చోడంబలి గ్లాసులు తిరిగాయి.
బెంగళూరు కుర్రాడు ఫొటో తీసుకుని, తాగకుండా కింద పెట్టాడు.
తారకేశ్వరి గారు రెండు తాగారు,
తన వంతూ, వాడి వంతూ.

తరవాత దిగుడు.
ఎర్రమట్టి, నీలగిరి ఆకులు, వాన కోసేసిన గాడులు.
ఇక్కడే అందరూ బిగుసుకుంటారు.
మోచేతులు కర్రలైపోతాయి.
ఆవిడ పడితే ఏ పక్కకి పడతారో
నేను ముందే లెక్కేసుకుంటున్నాను.

ఆవిడ సీటు మీంచి లేచారు.
నిద్రపోయే పిల్ల చేతుల్లా
రెండు చేతులూ వదులయ్యాయి.
వదిలేశారు.

"అమ్మా, బ్రేకు!" అన్నాను.
ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది.
ఒక మలుపు. పసుపు చొక్కా. ఇంకో మలుపు. దుమ్ము.
తొందరపడ్డాను.
పట్టకూడదన్న బ్రేకే పట్టాను.
ఆకాశం, నీలగిరి చెట్టు, మళ్ళీ ఆకాశం.

చాలాసేపు ఎవరూ రాలేదు.
రారు కదా. నా వెనక ఎవరుంటారు?
వెనక చక్రం గాల్లో టిక్కుటిక్కుమని తిరుగుతోంది,
మా షాపులో మధ్యాహ్నం పూట తిరిగినట్టే.
టించరు సీసా పగిలి సంచంతా వాసన.

అప్పుడు కింది నించి
మేకని తోలుకొస్తున్న తిట్లు.
ఆవిడే. మళ్ళీ ఎక్కుడు, మళ్ళీ నడక.
నా మెడ కింది ఎముకని వేళ్ళతో తడిమి,
వెలుతురుకి పట్టిన ఫిల్ములా నా మొహం చూసి
"ఇరగనేదు" అన్నారు.
"ముప్పయ్యేళ్ళు బొమ్మలు తీసినాను బాబూ.
పడినోళ్ళయి కాదు,
బిగుసుకున్నోళ్ళయే ఇరుగుతాయి."

లేచాను. కుంటుతున్నాను.
కింద డొంబురు విజిల్ రెండుసార్లు ఊదాడు.
అంటే, ఎక్కడున్నారని.
ఆవిడ సైకిలెక్కలేదు.
నేను ఆయాసపడి ఆగిన చోటల్లా
నాకు రెండడుగులు వెనకే ఆగి,
వంగి, బూటు లేసు కట్టుకుంటున్నారు.

ఆవిడ బూట్లకి లేసులు లేవు.
అంటింపు పట్టీలు.

నేనేమీ అనలేదు.
వలిసెపూలకేసి చూస్తూ నిలబడ్డాను,
అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే.