గుర్తు

నలభై ఆరేళ్లు మా ఇంట్లో ఒకే భాష కాపురం చేసింది.
అలకలూ, కరెంటు బిల్లులూ,
పుట్టకుండానే పోయిన బిడ్డకి అనుకున్న పేరూ
అన్నీ ఫిన్నిష్‌లోనే.
ఇప్పుడు నీల్లాస్ నోట్లోంచి అది ఊడిపోతోంది,
స్వెట్టరు కొస ఎక్కడో మేకుకి పట్టుకుంటే
చివర అల్లిన వరస ముందు విడిపోయినట్టు.

డాక్టరు తెర మీద మెదడు బొమ్మ చూపించింది.
"ఇదిగో, ఇక్కడ కుంచించుకుపోయింది."
అక్రోటు పప్పులా ఉంది. తలూపాను.
ఔలులో మా వీధి మలుపున బస్సు దిగేదాకా తట్టలేదు:
చివర నేర్చింది ముందు పోతే
మిగిలేది
నాకు రాని భాష.

నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
స్టవ్ మీటలు పీకి సాక్సుల అరలో దాచాను.
తలుపుకి గంట కట్టాను. తాళంచెవి నా మెళ్లో.
రాత్రికి నాలుగుసార్లు లేస్తాడు,
దుప్పటి భుజాన వేసుకుని
మూడో అంతస్తు నుంచి రెయిన్‌డీర్ల మందలోకి బయల్దేరతాడు.

"చాహ్‌చి," అన్నాడు ఒక రాత్రి. "చాహ్‌చి. చాహ్‌చి."
చొక్కా తెచ్చాను. కాదు.
రొట్టె. కాదు. కళ్లజోడు. కాదు.
మూత్రం గిన్నె తెస్తే విసిరికొట్టాడు.
మూడు రాత్రుల నిద్ర గొంతులో గరగరలాడుతుంటే
అరిచాను:
"ఫిన్నిష్‌లో ఏడువు!"

అతను వెళ్లి బల్ల ముందు కూర్చున్నాడు.
రెండు చేతులూ బోర్లించి పెట్టాడు,
వేళ్లు కలిపి, కళ్లు గట్టిగా మూసి.
డెబ్బై తొమ్మిదేళ్ల చేతులు
బెత్తం కోసం.

బడి హాస్టలు గురించి ఒక్కసారే చెప్పాడు, పెళ్లికి ముందు.
"చలిగా ఉండేది" అన్నాడు.
పొయ్యి సరిగ్గా మండేది కాదు కాబోలనుకున్నాను.

నీళ్లు. అడిగింది నీళ్లు.
తర్వాత రిస్తెన్ చెప్పింది,
ఉత్స్యోకి నుంచి నర్సు చదువుకి వచ్చిన పిల్ల.
మంగళవారాలూ శుక్రవారాలూ వచ్చి
నాకు సామీ భాష నేర్పుతుంది, యాలకుల బన్నులే ఫీజు.
ఆమె "త్స" అంటే నేను "స" అంటాను.
నా డెబ్బై నాలుగేళ్ల నాలుకని చూసి
నీల్లాస్ పగలబడి నవ్వాడు.
ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

నేను రోజుకి నాలుగు మాటలు నేర్చుకుంటున్నాను.
అతను రోజుకెన్ని పోగొట్టుకుంటున్నాడో
లెక్క వెయ్యను.

దేవతనేం కాదు. మొన్న స్నానం పెనుగులాటలో
మణికట్టు గట్టిగా పట్టేస్తే కమిలింది.
గురువారాలు మూడు గంటలు మున్సిపాలిటీ వాళ్లు తీసుకెళ్తారు.
ఆ మూడు గంటలూ ఈతకొలనులో వెల్లకిలా తేలుతూ
ఎవరికీ ఏమీ కాకుండా ఉంటాను.
చెవుల్లో నీళ్లు. చాహ్‌చి.

నిన్న సాయంత్రం నా వైపు చాలాసేపు చూసి
"నువ్వెవరిదానివి?" అన్నాడు.
ప్రతి మాటా అర్థమైంది నాకు.
సిగ్గుగా ఉంది చెప్పడానికి,
దుఃఖం కంటే ముందు సంతోషమే వచ్చింది.

నా తల దగ్గరికి లాక్కున్నాడు.
బొటనవేలితో చెవి అంచు తడిమాడు.
అక్కడ ఇంటికో కోత ఉంటుందట దూడల చెవులకి,
చీకట్లో కూడా వేలికి తెలుస్తుందట ఎవరి దూడో.
పై అంచు. కింది అంచు.
తమ్మె దగ్గర పూడిపోయిన పోగు రంధ్రం.
ఆగాడు. కాదనుకున్నాడు.

"గుర్తు లేదు," అన్నాడు.

అటూ ఇటూ చూశాడు, ఎవరైనా వింటారేమోనని.
గొంతు బాగా తగ్గించి
రిస్తెన్ ఇంకా నేర్పని మాటేదో అంటూ
నా వేలు పట్టుకుని లేచాడు.

తలుపు గంట మోగింది.
బయట మైనస్ పద్దెనిమిది.
ముందు అతనికి, తర్వాత నాకు
టోపీ చెవుల మీదికి లాగాను.