నేల దూరం

రాప్తాడు దాటినాక బెంగుళూరు రోడ్డుకు ఎడం పక్క
ఆరెకరాల పచ్చన కనపడితే
పంట అనుకోవద్దప్పా.
గోల్ఫు దెబ్బ నేర్చుకునే బయలు అది.
గడ్డికి దినామూ రెండు ట్యాంకర్ల నీళ్లు.
నేను ఆడ బంతులు ఏరేవాణ్ణి, ఎర్రిస్వామిని.
ముందర ఆ నేల నాదే.

పొద్దున ఆరుకే కార్లేసుకొని వస్తారు.
గీత కాడ నిలబడి, నడుము తిప్పి,
గుండు తలకాయ కట్టెతో ఒక్క ఏటు.
బంతి లేస్తాది సున్నపు చుక్క మాదిరి.
నూరు, నూటయాభై, రెండొందలు అని
బయల్లో తెల్ల బోర్డులుండాయి. అన్నీ గజాలు.
మేము కూతవేటు అనేవాళ్లం.
కూత ఎవరిదని ఎవరూ అడగలా.

కోచ్ రెజినాల్డు గోడకు పట్టీ తగిలించినాడు:
కొత్తోళ్లు నూటా అరవై, నూటా డెబ్బై.
ఆదివారం ఆడేటోళ్లు రెండొందల చిల్లర.
చెయ్యి తిరిగినోళ్లు రెండొందల యాభై.
టీవీలో వచ్చేటోళ్లు మూడొందలకు అటూ ఇటూ.
కింద ఎర్ర సిరాతో, సగటున.

సగటంటే ఏందని అడిగితి.
"అన్నీ కలిపి భాగించేదయ్యా" అన్యాడు.

బ్యాంకు మేనేజరు విశ్వమోహన్ సారు మూడు కొడితే
ఒకటి రెండొందల నలభై,
ఒకటి కాళ్లకాడ్నే,
ఒకటి కంపచెట్లలో, దానికోసం తేళ్లను అడగల్ల.
టీ తాగేటప్పుడు మాత్రం "నాది రెండొందల నలభై."
అది ఆయప్ప నోటి దూరం.
నేల దూరం నాకే తెల్సు,
వంగి ఏరేది నేనే గదా.

నూటా నలభై కాడ
కోడి ఒకే గంపలో గుడ్లు పెట్టినట్టు
బంతులన్నీ దగ్గర దగ్గర పడింటే
డాక్టరమ్మ కూతురు తహూరా వచ్చిందని లెక్క.
పన్నెండేండ్ల పాప. పట్టీ దిక్కు సూడదు.
ఆ పాప ఆడిన రోజు నాకు నడుం నొప్పి తక్కువ.

సగటు నాకు కొత్తేం కాదు.
ఆ యేడు చెనిక్కాయ వేసినాక
నలభై రెండు దినాలు చుక్క లేదు.
ఊడలు నేల దిగకనే మాడిపాయె.
పీకే దినాల్లో ఒక్క రాత్రి కుమ్మరిచ్చి
ఉన్న నాలుగు కాయలూ మొలకలెత్తె.
ఇన్సూరెన్సు ఆయప్ప కాగితం సూపిచ్చె,
మండలంలో సగటు వాన పడిందంట.
అన్నీ కలిపి భాగించేది.
భాగించినోడు బాగున్యాడు.

నిన్న సందకాడ అందరూ పోయినాక
నూటయాభై బోర్డు కాడ బండి ఆపినా.
అది నాటింది మా మూడో బోరు మూత పక్కన.
ఊరికే లెక్కేసినా, గజానికి మూడడుగులు.
ఆ బోరు నాలుగొందల యాభై అడుగులు.
బోర్డు మీద ఎంతో, బోర్డు కింద అంతే!
నవ్వొచ్చె. మిగతావీ లెక్కేసినా.
మొదటిది నూటా ఎనభై అడుగులు, అరవై గజాలు,
కట్టె చేతిలోంచి జారినట్టు.
నాలుగోది ఆరునూర్లు, ఆదివారం ఆటగాడు.
ఆఖరుది, హనుమక్క కమ్మలు కుదవబెట్టి వేసింది,
ఎనిమిదొందల నలభై.
రెండొందల ఎనభై గజాలప్పా!
టీవీ వాళ్ల పక్కన నిలబడొచ్చు.
వాళ్లది ముందుకు పోతాది.
మాది కిందికి పోయె,
తెల్ల దుమ్ము లేసె.
రెండోది ఎంతో గుర్తు రాలా.
ఇంటికి పోయి హనుమక్కను అడిగితే
"ఇప్పుడెందుకు అవన్నీ, తిను" అనె.

ఈ పొద్దు రెజినాల్డు ఊరికే ఉండక
కట్టె నా చేతికిచ్చి కొట్టమన్యాడు.
కొట్టినా.
బంతి ఉన్న కాడ్నే ఉండాది.
గడ్డి లేచిపోయి కింద ఎర్రమట్టి కనపడె.
వాసన సూసి వేళ్లతో అదుముతాంటే
తహూరా అడిగె, "ఎంత దూరం, తాతా?"
"జానెడు" అంటి. "కిందికి."
పాప పకపకా నవ్వి అరచేతిలో రాసుకునె.
సగటు తీయల్లంటే
ఇంకా రెండు కొట్టల్లంట.