పెసరగింజంత చర్మం

ట్రోమ్సోలో నవంబరు ఆఖరున పొద్దు వెళ్ళిపోతుంది.
మళ్ళీ జనవరి ఇరవై ఒకటికి గాని
కొండ భుజం మీద తల పెట్టదు.
మధ్యలో, మిట్టమధ్యాహ్నం కాసేపు నీలం.
అంతే.

ఒడ్వార్ రొట్టెలు కాల్చేవాడు.
నలభై ఏళ్ళుగా రాత్రి రెండున్నరకి లేచేవాడు,
అలారం లేకుండా.
"అలవాటమ్మా" అనేవాడు.
అలవాటో పుట్టుకో చూద్దామని
మోచేతి లోపలి వైపు నుంచి
పెసరగింజంత చర్మం తీసుకున్నాం.
ఆ కణాల్లోకి మిణుగురు పురుగు జన్యువొకటి దూర్చి
చీకటి పెట్టెలో పెట్టాను.

లోపల జరిగేది ఇదీ:
కేంద్రకంలో ఒక జంట కూర్చుని
ఒకే పాఠం పదేపదే చదివిస్తుంది.
ఆ చదువులోంచి ఒక ప్రొటీన్ పుడుతుంది,
బయటికొచ్చి తోడు వెతుక్కుంటుంది,
ఒంటి మీద ఫాస్ఫేటు బొట్లు పెట్టించుకుంటుంది
ఒక్కొక్కటే, తొందర లేకుండా.
ఆ ఆలస్యమే కాలం.
గుంపు కూడాక పుట్టింటికి తిరిగొచ్చి
తనను పుట్టించిన నోటినే మూసేస్తుంది.
ఇక కొత్తవి పుట్టవు.
ఉన్నవి చిరిగి, అరిగి, కరిగి
చివరిది పోయాక
నోరు మళ్ళీ తెరుచుకుంటుంది.
ఇంతకే మనం ఒక రోజు అంటాం.

ఇందులో సూర్యుడెక్కడ?
అప్పుడప్పుడూ వచ్చి ముల్లు సరిచేసి పోతాడు,
గడియారం మాత్రం ఆయనది కాదు.

ఒడ్వార్ గింజ వెలిగి ఆరింది, వెలిగి ఆరింది,
ఇరవై మూడు గంటల పది నిమిషాలకొకసారి.
సెరీన్ ఉండాల్సిన చోట గ్లైసిన్,
ఒక్క అక్షరం తేడా.
"దీనికేనా మా ఆవిడ ఇన్నేళ్ళు తిట్టింది!"
అని తెర ముందు నిలబడి నవ్వాడు.
"ఇందులో నేను ఎక్కడున్నాను?" అని కూడా అడిగాడు.
గీత చూపించాను.

క్రిస్మస్ వెళ్ళిన మంగళవారం పోయాడు.
గుండె. మేజోళ్ళు వేసుకుంటూ, మధ్యాహ్నం పూట.
గీతకి ఆ సంగతి తెలియదు,
లేచింది, దిగింది.
తర్వాత రోజురోజుకీ అల చిన్నదైంది.
"ఆగిపోతోంది" అన్నాడు కొత్త కుర్రాడు ఎస్పెన్.

ఆగలేదు.
ఏ కణం లెక్క అది వేసుకుంటూనే ఉంది.
ఒకటి తెల్లారిందంటుంది,
పక్కది ఇంకా ఓ జాముందంటుంది,
మాట కలవక
మొత్తం చూస్తే బూడిదరంగు గీత.
పోషక ద్రవం మార్చి, హార్మోను చుక్క వేశాను.
అన్నీ ఒక్కసారి ఉలిక్కిపడి
మళ్ళీ ఒకే మాట మీదికొచ్చాయి.

ఇవాళ జనవరి ఇరవై ఒకటి.
మబ్బు. పొద్దు కనపడలేదు,
అయినా వచ్చినట్టే లెక్క.
ఊరంతా బేకరీ ముందు వరస కట్టింది,
సూర్యుడి పేరు పెట్టిన జామ్ బన్నుల కోసం.
ఈసారి అతని కూతురు గుద్వేయిగ్ వేయించింది. కొంచెం మాడాయి.
రెండు కొన్నాను.
ల్యాబులోకి తిండి తేకూడదు. తెచ్చాను.
ఒకటి తిని, రెండోది
చీకటి పెట్టె మీద కాసేపు పెట్టాను.

గోడ గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాలు.
తెర మీద గీత
అప్పుడే లేస్తోంది,
పిండి కలిపే వేళకి.