మక్కనీళ్ల బాయి

మా ఊర్ల మక్కలు పండయి.
జొన్నలు, ఆముదాలు, అంతే.
అయినా అది మక్కనీళ్ల బాయే.
ఎందుకని ఎవ్వరడగలే.

మొన్న దేవరకద్ర టేషన్ల దిగిన స్కాట్లాండ్ ముసలాయన
మడతల కాడ చినిగిన కాయితం చూపిండు:
తాతకు నాయిన. రైలింజన్లకు నీళ్లెతక వచ్చి
తిరిగిపోలే.
సమాధి లేదు. రిజిస్టర్ల ఆ పేజీ చెదలు తిన్నయి.

వంశాలు చెప్పే కుర్మన్న
గుమ్మెట పక్కకు పెట్టి
"ఇంటిపేరేంది?" అన్నడు.
"మెక్నీల్."
మల్లొకసారి అనమన్నడు.
మల్లొకసారి.

నేను చేద తెచ్చిన.
ఆయన తాగలే. గట్టు మీద ఒంగి
లోపలికి తన ఇంటిపేరు పిలిచిండు.
బాయి మాత్రం
మా యాసలనే పలికింది.