పొంటు ఎక్కడ?

మొదటి మూడుసార్లూ నిజమే చెప్పాను.
మూడుసార్లూ ఎండెల్ కొత్తగా ఏడ్చాడు.
నాలుగోసారి నుంచీ
"సముద్రం వైపు వెళ్ళింది, వచ్చేస్తుంది" అంటున్నాను.

జునిపర్ పొద కింద
ఆ గొయ్యి తవ్వింది తనే.
సాయంత్రం బూట్లకంటిన మట్టి చూసి
బంగాళాదుంపలు వేశామా అని అడిగాడు.

హీయుమా దీవిలో నవంబరు. మూడున్నరకే దీపం.
గిన్నెలో నీళ్ళు మారుస్తాను,
తలుపు ఓరగా తీసి ఉంచుతాను.
అబద్ధానికీ బోలెడు చాకిరీ.
ఏడవడానికి నాకింకా వీలు చిక్కలేదు.

నిన్న రాత్రి కుర్చీలోంచి పిలిచాడు:
"పొంటూ!"
గదిలో ఉన్నది నేనొక్కదాన్నే.
లెయిదా అనే పేరు తన నోట వినక ఆర్నెల్లు.
తుడుస్తున్న పళ్ళెం పక్కన పెట్టి
వెళ్ళి కాళ్ళ దగ్గర కూచున్నాను.

వేళ్ళు నా చెవి వెనక
తెలిసిన చోటే గోకి
చెంప మీదికి జారి ఆగాయి.

"తడిసొచ్చావే" అన్నాడు.